ఏ పేరుకి ఊరుకుంటుందో

సరస్సు ఒడ్డు ఊరు హోమా బేలో వానలు మొదలయ్యాక మధ్యాహ్నం దాటితే ఎవరూ కొత్త పని పెట్టుకోరు. ఆ రోజూ అంతే. ఆవినో గడప లోపల చాప మీద కాళ్లు చాపుకుని, పసిదాన్ని ఒళ్లో బోర్లా పడుకోబెట్టుకుని వీపు నిమురుతోంది. పొయ్యి దగ్గర అత్తగారు దోర్కా జొన్న గంజి కలుపుతోంది. రేకుల కప్పు మీద ఒక కాకి అటూ ఇటూ పచార్లు చేస్తుంటే దాని గోళ్ల చప్పుడు గదిలోకి వినిపిస్తోంది. పుట్టి మూడు రోజులైనా ఆ పిల్ల గట్టిగా ఏడ్చింది లేదు. మర్నాడు పొద్దున్నే పిల్లని వాకిట్లోకి తీసుకొచ్చి నలుగురికీ చూపించి, పేరు చెప్పాలి. వానలో పుట్టింది కాబట్టి ఆకోత్ అని పిలుచుకోవాలని ఆవినో కోరిక.

"నా కడుపున పుట్టినవాళ్లంతా ఊరు లేపేవాళ్లు. ఇదెవరి పోలికే, గెమ్ పిల్లా?" అంది దోర్కా. ఇక్కడ కోడలిని పుట్టింటి ఊరితో పిలవడం మర్యాద. ఆవినోది గెమ్.

"మా పోలికే అత్తమ్మా. నోరున్నవాళ్లంతా మీ వైపే."

"ఆ మాట నీ మొగుడి ముందు అనకు. మైకులో పెట్టేస్తాడు."

ఇద్దరూ నవ్వారు. నవ్వు పూర్తి కాకముందే ఇద్దరికీ ఒకే సంగతి గుర్తొచ్చింది. ఆవినో మొగుడు ఓపొందో పొద్దుననగా పోలీస్ స్టేషన్‌కి వెళ్లాడు. ఇంకా రాలేదు.

ఆ ఇంటికి తిండి పెడుతున్నది ఓపొందో నోరే. శని ఆదివారాల్లో సరస్సు ఒడ్డు హోటళ్లలో గిటార్ల పాట మోగుతుంటే, మైకు పట్టుకుని వచ్చినవాళ్లకి బిరుదులు తగిలిస్తాడు. చేపల వ్యాపారిని 'సరస్సుని జేబులో పెట్టుకున్నవాడు' అంటాడు. బక్క గుమస్తాని 'కంచెలు లెక్కచెయ్యని ఎద్దు' అంటాడు. అతను పెట్టిన పేరు ఆ మనిషికి అతుక్కుపోతుంది. గుమస్తా పెళ్లాం కూడా ఇప్పుడు 'ఎద్దుగారు భోజనానికి రావాలి' అంటుందట. పొగిడే నోరు వెక్కిరించడానికి ఇంకా బాగా పనికొస్తుందని ఫేస్‌బుక్‌లో పేజీ పెట్టాక అతనికి తెలిసింది. పొగిడితే పాతికమంది చప్పట్లు కొడతారు. వెక్కిరిస్తే వేలమంది ఎగబడతారు.

అలా పేరు పెట్టించుకున్న వాళ్లలో ఒక అమ్మాయి ఉంది. అజ్వాంగ్. సరస్సు పాయకి అవతలి ఒడ్డున చిన్న బడిలో పాఠాలు చెప్పేది. ఆమె తల్లి ఓమెనా అమ్మేది. ఓమెనా అంటే చిటికెన వేలంత కూడా ఉండని చేప, వలల మీద ఎండబెట్టి డబ్బాలతో కొలిచి అమ్ముతారు. తమతో పడుకుంటేనే చేపలిస్తామని ఆడవాళ్లని వేధించే పడవల వాళ్ల గురించి అజ్వాంగ్ ఒక సభలో నిలబడి గట్టిగా మాట్లాడింది. ఎవరో వీడియో తీశారు. ఓపొందో అందులోంచి ఒక బొమ్మ తీసుకున్నాడు. నోరు తెరిచి, మెడ నరాలు తేలి, సన్నగా ఉన్న బొమ్మ. దాని కింద రాశాడు: 'ఈ ఎండు ఓమెనాని ఎవడడిగాడట?'

అంతే. ఊరంతా నవ్వింది. ఆవినో కూడా నవ్వింది, అక్కచెల్లెళ్లకి పంపింది. మోటార్ సైకిళ్ల కుర్రాళ్లు అజ్వాంగ్ కనబడితే హారన్ కొట్టి ఆ పేరుతో పిలిచారు. బడిలో పిల్లలు నల్లబల్ల మీద చేప బొమ్మ గీశారు. ఆమె రోడ్డు మీద బస్సెక్కడం మానేసింది. ఎవరూ తెలిసినవాళ్లు ఉండని సాయంత్రం పడవలో ఇంటికి వెళ్లడం మొదలుపెట్టింది. కిందటి వానల్లో ఒక రోజు గాలి లేచింది. పడవ ఒడ్డుకి కొట్టుకొచ్చింది. మనిషి రాలేదు. శవం దొరకనివాళ్లకి మా వాళ్లు చేసినట్టే, శవం బదులు యాగో చెట్టుకి కాసే పొడవాటి కాయని గుడ్డలో చుట్టి, ఏడ్చి, పాతిపెట్టారు. ఆమె తండ్రి ఓబూరా ఓపొందో మీద కేసు పెట్టాడు.

ఓపొందో వచ్చేసరికి చీకటి పడుతోంది, వాన పడుతోంది. వచ్చీ రాగానే చొక్కా విప్పి గోడ మేకుకి తగిలించాడు.

"రేపు కోర్టుకి రమ్మన్నారు. దేనికి? నవ్వించినందుకు! స్టేషన్ బయట టీ అమ్మేవాడు నాతో ఫోటో దిగాడు, తెలుసా? నవ్వితే జైలంటే ఈ ఊళ్లో సగం మందిని లోపలెయ్యాలి."

"వెయ్యాల్సిందే," అంది దోర్కా గంజి గిన్నె దించుతూ.

"అమ్మా, నువ్వు కూడానా?"

"మా రోజుల్లో ఒకడు మరొకరి మీద బూతు పాట కడితే, పెద్దలు కూర్చునేవాళ్లు. పాట కట్టినవాడు మేకని తెచ్చి, అందరి ముందు 'తప్పయింది' అనేవాడు. అక్కడితో పాట చచ్చిపోయేది. ఇప్పుడు ఎవర్ని కూర్చోబెడతావు? పాడినవాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో నీకే తెలీదు. అందుకే ఆ ముసలాయన కోర్టుకి పోయాడు."

"పడవ నేను ముంచానా? చెయ్యి వేశానా ఆ పిల్ల మీద? రేపు ప్రభుత్వాన్ని వెక్కిరించినవాణ్ని కూడా ఇదే చట్టంతో బొక్కలో తోస్తారు, అప్పుడు తెలుస్తుంది మీకు. మాటకి చట్టమేంటమ్మా? మాట గాలి. మాటే కదా!"

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. సరిగ్గా ఆ క్షణంలో కరెంటు పోయింది. పిల్ల ఏడుపు అందుకుంది.

మామూలు ఏడుపు కాదది. పసిపిల్లలు ఏడుస్తూ ఊపిరి తీసుకుంటారు, మధ్యలో చీదుతారు, మళ్లీ మొదలెడతారు. ఇది ఆగకుండా వస్తోంది. ఆవినో రొమ్ము నోట్లో పెట్టబోతే పిల్ల తల తిప్పేసుకుంది. భుజాన వేసుకుని ఊపింది. కడుపు మీద గోరువెచ్చని చెయ్యి పెట్టింది. గది ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. ఓపొందో ఫోన్ లైటు వేసి గుండీలు, చీమలు, సూదులు ఏమైనా ఉన్నాయేమోనని బట్టలన్నీ దులిపాడు. ఏమీ లేవు. వీధి చివర ఉండే నర్సమ్మ గొడుగేసుకుని వచ్చి, చెవులు చూసి, బొడ్డు చూసి, జ్వరం చూసి, "పిల్లకి ఏ జబ్బూ లేదు" అంది. వెళ్తూ వెళ్తూ దోర్కా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు ఎందుకో దోర్కాకి తెలుసు.

"పేరు అడుగుతోంది," అంది దోర్కా.

మా వాళ్లలో ఇది అందరూ ఎరిగిందే. చనిపోయినవాళ్లలో ఒకరు పుట్టిన బిడ్డ ద్వారా మళ్లీ తమ పేరు పిలిపించుకోవాలనుకుంటారు. ఒక్కోసారి కలలోకి వచ్చి చెబుతారు. చెప్పకపోతే బిడ్డ ఏడుస్తుంది. అప్పుడు ఇంట్లో పెద్దలు, పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు. ఏ పేరుకి బిడ్డ ఊరుకుంటే ఆ పేరు ఇచ్చేయాలి. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం ఉండదు.

దోర్కా పిల్ల మొహం మీదికి వంగింది. "అబుతో? మా అమ్మా, నువ్వేనా?"

పిల్ల తల అటు తిప్పింది. ఏడుపు ఆగలేదు.

"ఆవూర్? మా అత్తా, నువ్వా?"

తల ఇటు తిప్పింది.

"ఓచోలా మామయ్యా? ఆడపిల్లయినా ఫర్వాలేదనుకున్నావా?"

దోర్కా తన వైపు వాళ్లని పిలిచింది. మొగుడి వైపు వాళ్లని పిలిచింది. ఆవినో ఏడుస్తూనే గెమ్‌లో పోయిన తన అమ్మమ్మని, మేనత్తని పిలిచింది. ప్రతి పేరుకీ పిల్ల మెడ అటూ ఇటూ తిరుగుతోంది. మూడు రోజుల పిల్లకి మెడ ఎక్కడ నిలుస్తుంది? అయినా తిరుగుతోంది. నేను కాదు... నేను కాదు... అన్నట్టుగా.

వాన ఎక్కువైంది. రేకుల మీద మోతకి ఒకరి మాట ఒకరికి వినిపించడం లేదు. అయినా ఆ మోత కింద మరో చప్పుడు ఉంది. ఆవినోకి ముందు అర్థం కాలేదు. చుక్క... చుక్క... చుక్క. పిండని బట్టలోంచి నీళ్లు కారుతున్నట్టు. మేకుకి వేలాడుతున్న చొక్కా వైపు చూసింది. దాని కింద నేల పొడిగా ఉంది. చప్పుడు తలుపు పక్క నుంచి వస్తోంది. తలుపు పక్కన ఏమీ లేదు. నాచు వాసన, బురద వాసన, లోతు నీళ్ల చల్లదనం... అన్నీ ఇంట్లోనే ఉన్నాయి.

"అత్తమ్మా... చూడు... దీని పెదాలు నల్లబడుతున్నాయి."

దోర్కా ఒక్కసారి కొడుకు వైపు తిరిగింది. గొంతు తగ్గించి అడిగింది. "ఇంకెవరు పోయారురా? మన చేతి మీదుగా..."

చెప్పక్కర్లేదు. ముగ్గురికీ తెలుసు.

"ఆ పిల్ల మన గోత్రం కాదు కదమ్మా," అన్నాడు ఓపొందో. గొంతులో మైకు పట్టుకునే మనిషి ఎక్కడా లేడు. "మన ఇంటికెందుకు వస్తుంది?"

"పేరు పెట్టినవాడు తండ్రితో సమానం. పిలువు."

అతను మోకాళ్ల మీద కూర్చున్నాడు. "అజ్వాంగ్," అన్నాడు. ఆ పేరు అతను నోటితో పలకడం అదే మొదటిసారి. "అజ్వాంగ్... నువ్వేనా?"

పిల్ల తల తిప్పింది.

"అజ్వాంగ్, ఓబూరా కూతురా..." దోర్కా కూడా పిలిచింది. ఆవినో పిలిచింది. ముగ్గురూ కలిసి పిలిచారు. పిల్ల తల తిప్పుతూనే ఉంది. ఏడుపు సన్నబడింది. అది మరీ భయం. తగ్గడం కాదది, ఊపిరి అందకపోవడం. చిన్న చిన్న గోళ్లు నీలంగా మారాయి.

"ఆ పేరు కాదు," అంది దోర్కా మెల్లగా. "చివరిదాకా ఆ పిల్లని ఎవరు ఆ పేరుతో పిలిచారు గనక? ఊరంతా పిలిచింది ఇంకో పేరు కదా."

ఓపొందో ఎగిరి లేచాడు. "వద్దు! అది నా కూతురమ్మా! రేపు బడికెళ్తుంది. పెళ్లి చేసుకుంటుంది. ఊళ్లో అందరూ దీన్ని... వద్దు. ఆ పేరు నేను అనను!"

కాలు కాలిన పిల్లిలా గది అంతా తిరిగాడు. తలుపు దగ్గరికి వెళ్లి, అక్కడ ఏదో తగిలినట్టు వెనక్కి వచ్చాడు. చుక్క... చుక్క... ఇప్పుడు గది మధ్యలోంచి వినిపిస్తోంది. ఆవినో పిల్లని రెండు చేతులతో అతని మొహం ముందుకి చాపింది. ఆమె కోపం, భయం, తన మీద తనకే వేసిన అసహ్యం అన్నీ ఒకేసారి నోట్లోకి వచ్చాయి.

"అను."

"ఆవినో..."

"మాటే కదా. గాలే కదా. అను!"

పిల్ల నోరు తెరిచే ఉంది. శబ్దం లేదు. ఛాతీ కదలడం లేదు.

ఓపొందో వంగాడు. పెదాలు పిల్ల చెవికి ఆనించాడు. ఇన్ని మైకుల్లో అరిచిన మనిషి, తనకే వినపడనంత మెల్లగా అన్నాడు.

"ఎండు... ఓమెనా."

పిల్ల ఊరుకుంది.

వాన కూడా ఆగినట్టే అనిపించింది. ఆగలేదు, అందరి చెవులూ పిల్ల మీదే ఉన్నాయి. ఛాతీ లేచింది, పడింది. పెదాల్లోకి రంగు వచ్చింది. కళ్లు తెరిచింది. మూడు రోజుల పిల్లల కళ్లు ఎక్కడా నిలవవు. ఇవి నిలిచాయి. తండ్రి మొహం మీద నిలిచాయి. చాలాసేపు అలాగే చూసి, తర్వాత రొమ్ము అందుకుని పాలు తాగింది.

"ఆకోత్," అంది ఆవినో బతిమాలుతున్నట్టు. పిల్ల తాగడం ఆపి పెదవి విరిచింది. ఆవినో ఇంకెప్పుడూ ఆ పేరు ఎత్తలేదు.

తెల్లారింది. పిల్లని వాకిట్లోకి తీసుకురాలేదు. ఇంటికి వచ్చిన ఇరుగుపొరుగుకి, పిల్లకి ఒంట్లో బాగోలేదని దోర్కా అబద్ధం చెప్పి పంపింది. కోర్టుకి బయల్దేరుదామని ఓపొందో చొక్కా వేసుకుంటుండగా ఓబూరా పెద్దాయనే స్వయంగా వచ్చాడు. మోకాళ్ల దాకా బురద. చేతిలో టోపీ.

"పోట్లాటకి రాలేదయ్యా. కేసు తీసేసుకుంటున్నానని చెప్పి పోదామని వచ్చాను."

"ఎందుకు?" అని అడిగింది దోర్కా.

"నిన్న దీపాలు పోయినప్పుడు కుర్చీలోనే కునుకు పట్టిందమ్మా. నా చిట్టితల్లి అజ్వాంగ్ కలలోకొచ్చింది. ఇన్నాళ్లూ తడి బట్టలతో వచ్చేది, నిలబడే ఉండేది, కూర్చోమన్నా కూర్చునేది కాదు. నిన్న బట్టలు ఆరి ఉన్నాయి. 'నాకు చోటు దొరికింది నాన్నా, కోర్టు చుట్టూ తిరగకు, కేసు తీసెయ్యి' అంది." పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. సంతోషంతోనే తుడుచుకున్నాడు, పాపం. "ఎవరింట్లో అమ్మా అని అడిగాను. ఒక ఇల్లేంటి నాన్నా, చాలా ఉన్నాయి అంది."

అప్పుడు ఊళ్లో ఎవరూ ఊహించనిది జరిగింది. మాటకి చట్టమేంటని అరిచిన ఓపొందో, ఆ ముసలాయన బురద కాళ్లు పట్టుకున్నాడు.

"తియ్యకండి పెద్దాయనా! నన్ను కోర్టుకి లాగండి. తప్పు నాదేనని చెప్తాను. జైల్లో పడెయ్యమనండి."

"ఇదేంటయ్యా? నిన్నటిదాకా..."

"జైలైతే ఇన్నాళ్లని చెప్తారు పెద్దాయనా! ఆ తర్వాత వదిలేస్తారు. దయచేసి... మీ కేసు మీరు ఉంచుకోండి."

పెద్దాయనకి అర్థం కాలేదు. కాళ్లు విడిపించుకున్నాడు. వెళ్లబోతూ, పసిబిడ్డని చూడకుండా పోకూడదని ఆవినో దగ్గరికి వచ్చి వంగాడు. చూస్తూ ఉండిపోయాడు. తనకే తెలియకుండా నోట్లోంచి వచ్చింది, "అజ్వాంగ్?" అని. పిల్ల నిద్రపోతూనే ఉంది. పెద్దాయన ఇంకాస్త ఆగి, తనలో తాను నవ్వుకుని, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆయన్ని వెనక్కి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాలని ఆవినోకి గొంతుదాకా వచ్చింది. ఏమని చెబుతుంది? నీ కూతురు సొంత పేరుకి పలకడం మానేసిందని తండ్రికి ఎలా చెబుతుంది?

పగలంతా ఓపొందో ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. పేజీ తీసేశాడు. బొమ్మ తీసేశాడు. "మొత్తం తీసేశాను, ఇంక లేదు," అన్నాడు. అయిదు నిమిషాలకి ఎవరో అభిమాని, 'గురువుగారూ, మీరు తీసేస్తే ఏం, నా దగ్గర ఉంది' అని అదే బొమ్మ అతనికే పంపాడు. అది చూసి ఫోన్ బోర్లించేశాడు. అన్నం ముట్టలేదు. లేచి నిలబడతాడు, కూర్చుంటాడు, మళ్లీ లేస్తాడు.

సాయంత్రం మళ్లీ మబ్బు పట్టింది. సరస్సు వైపు నుంచి చల్లగాలి మొదలైంది. ఆవినో పిల్లని ఒళ్లో వేసుకుని గడపలో కూర్చుంది. ఎదురింట్లో మిల్కా కొడుకు ఏడవడం మొదలెట్టాడు. వాడు ఇంకా పాలు తాగే పిల్లాడే.

"పళ్లొస్తున్నాయేమో," అంది దోర్కా. నమ్మకంగా అనలేదు.

కాసేపటికి పక్క సందులో మరో పిల్ల అందుకుంది. తర్వాత మసీదు వెనకాల. తర్వాత చేపల బజారు వైపు నుంచి, కొండ కింది కొత్త ఇళ్లలోంచి. ఒకటే రకం ఏడుపు. ఊపిరి తీసుకోకుండా, చీదకుండా. ఇంటింటా ఆడవాళ్ల గొంతులు లేచాయి. ఎదురింట్లో మిల్కా అత్తగారు పోయినవాళ్లని పిలుస్తోంది. పేరు వెనక పేరు. గాభరాగా.

మిల్కా కూడా ఆ బొమ్మ చూసి నవ్విన మనిషే. ఆమెకి దాన్ని చూపించింది ఆవినోనే. ఇప్పుడు లేచి వెళ్లి ఏ పేరు పిలవాలో చెప్పాలా? చెబితే ఆ పిల్లాడు బతుకుతాడు. బతికినన్నాళ్లూ ఆ పేరే మోస్తాడు. ఆవినో లేవకుండా ఒళ్లో పిల్లని ఇంకా దగ్గరికి పొదువుకుంది.

"వెళ్లు, గెమ్ పిల్లా," అంది దోర్కా. "వెళ్లి చెప్పు..."

చెప్పక్కర్లేకపోయింది. మిల్కా ఇంట్లో ఏడుపు కత్తితో కోసినట్టు ఆగిపోయింది. ఎవరో ఆ పేరు అనేశారు.

అదే క్షణంలో, ఆవినో ఒళ్లో గాఢంగా నిద్రపోతున్న పిల్ల, కళ్లు తెరవకుండానే, ఎవరో పిలిస్తే పలికినట్టు, ఎదిగిన ఆడమనిషి గొంతుతో మెల్లగా "ఊఁ" అంది.

పక్క సందులో ఏడుపు ఆగింది.

"ఊఁ..."

మసీదు వెనకాల ఆగింది.

"ఊఁ..."